చెరపని గీతలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో బాన్సువాడలోని ఒక సబ్ డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ మీద వచ్చాను. వచ్చిన కొత్తలోనే ఒక కంప్యూటరుకు కూలర్ పెట్టించాను. ఆఫీసు మొత్తానికి ఉన్నది ఒకే కూలర్. అప్పటిదాకా అది నా గదిలో నా మొహం మీదికి వీచేది. దాన్ని మోయించి పక్క గదిలో కంప్యూటరు వెనకాల నిలబెట్టించి, చల్లగాలి దానికిచ్చి చెమట నేనుంచుకున్నాను. నా సర్వీసులో నేను చేసిన త్యాగాలు తక్కువ. వాటిలో ఇంత పనికిమాలింది ఇంకొకటి లేదు.

నా తర్కం ఇలా నడిచింది. సిస్టం ఎప్పుడు ఆగిపోయినా మధ్యాహ్నమే ఆగిపోతోంది. మధ్యాహ్నం ఎండ ముదురుతుంది. కాబట్టి దానికి వేడి చేసింది. వేడి చేసిన మనిషికైతే మజ్జిగ ఇస్తాం. యంత్రానికి మజ్జిగ పొయ్యలేం గనక గాలి పెట్టాను. ఇంజనీరింగు చదివినవాడి తెలివి ఒక్కోసారి ఇంత దూరమే నడుస్తుంది.

మాది కాలువల పని చూసే శాఖ. కింద సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ. వాళ్ల మీద సబ్ డివిజన్‌లో నాలాంటి డీఈ. నా మీద డివిజన్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ. ఏ పనికైనా ఏఈ సర్వే చేసి, బొమ్మ గీసి, ఎస్టిమేట్ కడితే నేను సరిచూసి సంతకం పెట్టి పైకి పంపాలి. ఈఈ సాంకేతిక మంజూరు ఇస్తేనే పని మొదలవుతుంది.

ఆ వేసవి మా చేతిలో ఉన్న పని ఒక ఉపకాలువది. రుద్రూర్ వైపు పోయే ఆ ఉపకాలువ చివరి భాగంలో ఏళ్ల తరబడి పూడిక చేరి అడుగు పైకి లేచింది. చివరి తూమేమో దాని పాత ఎత్తులోనే విరిగి కూర్చుంది. నీళ్లు వదిలినా పైనున్న పొలాలు తడిసి, చివరికి వచ్చేసరికి కాలువలో బురద వాసన తప్ప ఏమీ మిగిలేది కాదు. అడుగు వాలు సరిచేసి, తూము దించి కట్టాలి. కాలువలో నీళ్లున్నప్పుడు ఈ పని కుదరదు. యాసంగి కోతలయ్యాక కాలువ బందు పెడతారు; వానాకాలం నాట్లకు మళ్లీ నీళ్లు వదిలేలోపు, ఆ ఎండాకాలంలోనే తవ్వుకోవాలి, కట్టుకోవాలి. మా దురదృష్టం ఏమిటంటే, కాలువ బందు పెట్టిన రోజుల్లోనే మా సిస్టమూ బందు పెట్టడం నేర్చుకుంది.

ఈ ఆలస్యానికి నష్టపోయేది ఎవరో మాకు బాగా తెలుసు. ఎందుకంటే ఆమె ప్రతి సంత రోజూ ఆఫీసుకు వచ్చి మాకు కనబడి పోయేది. పేరు సాయవ్వ. ఉపకాలువ చిట్టచివర మూడెకరాల పొలం ఆమెది. భర్త లేడు. తన పొలం ఎండబెట్టుకుని, పైనున్న వాళ్ల పొలాల్లో నాట్లకు కూలికి పోతోంది. పైన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు మంచివాళ్లే, మర్యాదగానే అడిగారట, అమ్ముతావా అని.

"గీ వానకాలం నీళ్లొస్తే దున్నుకుంట. రాకుంటే అమ్ముకుంట. రెండిట్ల ఏదో ఒకటి జెప్పు సారూ, నాకైతే ఫికర్ తీరుతది," అన్నది మొదటిసారి వచ్చినప్పుడు.

వస్తాయని చెప్పాను. చెప్పేటప్పుడు కంప్యూటరు సంగతి నాకు తెలియదు.

సాఫ్ట్‌వేర్ గురించి రెండు మాటలు చెప్పాలి. కాలువ వెంట నడుస్తూ నేల ఎత్తులు కొలుస్తాం. వాటిని లెవెల్స్ అంటాం. లెవెల్స్ అన్నీ ఎక్కించి 'డ్రా' అన్న బటన్ నొక్కితే, ఆ సాఫ్ట్‌వేర్ కాలువను పొడవునా నిలువుగా కోసి చూపించినట్టు బొమ్మ గీసి, ఎక్కడ ఎంత మట్టి తియ్యాలో లెక్క కట్టి ఇస్తుంది. ఆ బొమ్మ పేరు ఎల్-సెక్షన్. అది లేనిదే మట్టి లెక్క లేదు, మట్టి లెక్క లేనిదే ఎస్టిమేట్ లేదు.

మా ఏఈ స్రవంతి ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. ఎండలో లెవెలింగ్ పరికరం ముందు నిలబడి సర్వే అంతా తానే చేసింది. లెవెల్స్ ఎక్కించడమూ ఆమే. 'డ్రా' నొక్కగానే సిస్టం తెర మీద సగం కాలువ గీసేది, అక్కడ ఆలోచనలో పడేది, ఆ తర్వాత ఎర్రర్ అంటూ ఎర్రగా ఒక డబ్బా వచ్చి సాఫ్ట్‌వేర్ మూతపడేది. లెవెల్స్ మిగిలేవి, బొమ్మ పోయేది.

"సార్, మళ్ల బందైంది," అనేది స్రవంతి తలుపు దగ్గర నిలబడి. మొదట్లో ఆ మాట బాధగా అనేది. తర్వాత తర్వాత, రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు చదివేది.

కూలర్ పెట్టాక కూడా అదే వరస. సాయవ్వ ఒకసారి ఆ గదిలోకి తొంగి చూసింది.

"మనుషులకు లేని గాలి దీనికెందుకు? జరమొచ్చిందా?" అని అడిగింది.

"జరం లెక్కనే అవ్వా," అన్నాను.

"అయితే దవాఖానకు తీస్కపోరాదు. ఈడ కూసోబెట్టి గాలి విసురుతరా ఎవరన్నా."

ఆమె మాట మీదే దవాఖానకు కబురు పెట్టాను. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఖలీల్ వచ్చి, డబ్బా విప్పి, దుమ్మంతా బ్రష్షుతో దులిపాడు. లోపలి ఫ్యాను తిప్పి చూశాడు. కాసేపు ఆలోచించి, "సాబ్, మెమరీ తక్కువున్నది," అన్నాడు.

"నాకా, దానికా?"

"ఇద్దరికీ డబుల్ చేస్తే మంచిదే సాబ్," అన్నాడు నవ్వకుండా.

అంత పాత సిస్టంకు సరిపోయే మెమరీ ఇప్పుడు బజారులో రాదట. తన దుకాణంలో పాత సామాన్ల నుంచి ఒక ముక్క ఏరి తెచ్చి తగిలించాడు. ఈసారి సిస్టం సగం కాలువ దాటి, ముప్పావు దాకా గీసి పడిపోయింది. ఇంకాస్త దూరం నడిచి పడిందన్నమాట. అదొక ఆధారమని ఆ రోజు నాకు తట్టలేదు. నడక మెరుగైందని సంతోషించాను.

కొత్త కంప్యూటరు అడగొచ్చు కదా అనుకుంటారు. అడగాలంటే ముందు పాతదాన్ని పనికిరానిదిగా తేల్చి రాయాలి. మాది ఉత్తరాలు బ్రహ్మాండంగా కొడుతోంది. ఉత్తరాలు కొడుతున్నంత కాలం ఆఫీసు లెక్కల్లో అది బతికి ఉన్నట్టే. ఆ నియమం ప్రకారం చూస్తే నేనూ బతికి ఉన్నట్టే.

చేత్తో గీసి పంపుతానని డివిజన్‌కు ఫోన్ చేశాను. ఒకప్పుడు ట్రేసింగ్ కాగితం మీద గీసి పెరిగినవాణ్ణే. ఫోన్ తీసింది హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ విఠల్‌రావు. ఈఈ ముందుకు వెళ్లే ప్రతి డ్రాయింగూ ముందు ఈయన బల్ల మీద ఆగాలి. ఈయన టిక్కు పెట్టాకే ఈఈ సంతకం. హోదాలో నాకు కింద, డ్రాయింగు విషయంలో నాకు పైన. మహారాష్ట్ర సరిహద్దున జుక్కల్ వైపు మనిషి; మాట మెత్తన, ఎర్ర పెన్ను గట్టి.

"చేతి డ్రాయింగులు బందై ఎన్నేండ్లయింది డీఈ గారూ. సాఫ్ట్ కాపీ కావాలె, అదిగూడ మన మదర్ ఫైల్లనే కావాలె," అన్నాడు.

సాఫ్ట్‌వేర్ ఆగిపోతోందని చెప్పాను.

"మా దగ్గర మదర్ ఫైల్ మంచిగనే తెరుచుకుంటుంది. లోపం మీ సిస్టంల ఉంది."

మదర్ ఫైలంటే మా డివిజన్‌లో అన్ని డ్రాయింగులకూ తల్లి. చుట్టూ గీత, కింద కుడిమూల పని పేరు, అధికారుల సంతకాల గళ్లు ఉండే ఖాళీ నమూనా. కొత్త పని వచ్చినప్పుడల్లా దాన్ని తెరిచి, అందులో గీసి, కొత్త పేరుతో దాచుకుంటాం. ఎక్కువమంది ఏఈలు అసలు మదర్ ఫైలు దాకా కూడా పోరు. కిందటి పని డ్రాయింగు తెరిచి అందులోనే గీస్తారు. కొన్నాళ్లకు ఆ డ్రాయింగే మదర్ ఫైలని పేరు తెచ్చుకుంటుంది.

నా వైద్యం తప్పని తేలింది ఒక ఉదయం. ఆ రోజు మధ్యాహ్నం కరెంటు తీసేస్తామని ముందే చెప్పారు. స్రవంతి ఆఫీసుకు పొద్దున్నే వచ్చి, ఎండ ఇంకా గోడ దాటకముందే, కూలర్ గాలి చల్లగా తగులుతుండగా 'డ్రా' నొక్కింది. సిస్టం ఎప్పటిలాగే పడిపోయింది.

"సార్, గిప్పుడు ఎండ లేదు గదా," అన్నది.

లేదు. నేను మొదట్లోనే వెయ్యవలసిన ప్రశ్న అప్పుడు వేశాను, రోజూ పొద్దున ఏం చేస్తావు, మధ్యాహ్నం ఏం చేస్తావు అని. పొద్దున లెవెల్స్ సరిచూస్తుందట. భోజనం అయ్యాక 'డ్రా' నొక్కుతుందట. అంటే సిస్టం మధ్యాహ్నానికి పడిపోవడం లేదు, 'డ్రా'కు పడిపోతోంది. 'డ్రా' మధ్యాహ్నం పూట ఉండటం దాని తప్పు కాదు. కూలర్‌ను నా గదికి తిరిగి తెప్పించుకోవడానికి మొహం చెల్లక, ఇంకో వారం చెమటలోనే కూర్చున్నాను.

ఇక కంప్యూటరు సంగతి పక్కనపెట్టి, నాకు తెలిసిన కాలువ సంగతి పట్టుకున్నాను. కాలువలో నీళ్లు ఎక్కడ పోతున్నాయో తెలియకపోతే ఒక్కో తూము మూసి చూస్తాం. ఏ తూము మూస్తే నీటిమట్టం నిలబడుతుందో అక్కడే దొంగ. ఇక్కడ తూములు రెండు: మేం ఎక్కించిన లెవెల్స్ ఒకటి, ఏ ఫైల్లో గీయిస్తున్నామో ఆ మదర్ ఫైలు రెండోది. లెవెల్స్ దాదాపు అన్నీ తీసేసి, నాలుగైదు మాత్రం ఉంచి, మదర్ ఫైల్లో 'డ్రా' నొక్కమన్నాను. ఆ కాస్త కాలువ కూడా చివరిదాకా గీయలేక పడిపోయింది. తర్వాత మొత్తం లెవెల్స్ ఎక్కించి, మదర్ ఫైలు కాకుండా ఉత్త తెల్ల షీటులో నొక్కమన్నాను. కాలువ మొదటి నుంచి చివరి తూము దాకా, టీ చల్లారేలోపు, గీసి చూపించింది.

స్రవంతి కుర్చీలో వెనక్కి వాలి, "ఇన్నొద్దులు ఊకె దీన్ని తిట్టినం సార్," అన్నది, సిస్టం నెత్తి మీద చెయ్యి వేసి.

మదర్ ఫైల్లో ఏముందో చూడాలనిపించింది. పైకి చూస్తే గీతా గళ్లూ తప్ప ఏమీ లేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు లేయర్లుగా ఉంటాయి. అద్దాల మీద గీసి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అనుకోండి. ఏ పొరనైనా ఆపేస్తే అది కంటికి కనబడదు. ఆపేసి ఉన్న పొరలన్నీ స్రవంతి ఒక్కొక్కటే తెరిచింది. తెర మెల్లగా నిండసాగింది. పిట్లం వైపు కల్వర్టులు వచ్చాయి. ఎప్పుడో కూల్చేసిన స్టాఫ్ క్వార్టర్లు వచ్చాయి. రెస్ట్‌హౌస్ ప్రహరీ వచ్చింది. ఎవరో మహానుభావుడు ఆఫీసు వేళల్లో గీసుకున్న సొంత ఇంటి ప్లాను వచ్చింది. వాస్తు కుదరక మెట్లు ఓసారి ఆగ్నేయంలో, ఓసారి వాయవ్యంలో, ఓసారి నైరుతిలో వేసుకుని, మూడింటినీ వేర్వేరు పొరల్లో భద్రంగా దాచాడు. ఒక పొర మీద నా పాత డివిజన్ పేరు, నా పొట్టి సంతకం అక్షరాలు కూడా ఉన్నాయి. నేను పని చేసిపోయిన ఊళ్ల నుంచి ఆ ఫైలు నాకంటే ముందే బాన్సువాడ చేరి, నా కోసం కూర్చుంది.

కనబడకుండా ఆపేసినంత మాత్రాన పొరలు లేకుండా పోవు. 'డ్రా' అన్నప్పుడల్లా సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ లోలోపల మళ్లీ గీసుకుంటుంది. కొత్త సిస్టమైతే మోస్తుంది, ముసలిది మొయ్యలేదు. ఖలీల్ మెమరీ పెట్టినప్పుడు ఇంకాస్త దూరం నడిచి పడింది అందుకే.

ఎవరూ ఎందుకు చెరపలేదన్న దానికి జవాబు మా శాఖలో అందరికీ తెలుసు. పని కొలతలు రాసే పుస్తకాన్ని ఎం.బుక్ అంటాం. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెప్పే నియమం, ఎం.బుక్‌లో ఏదీ చెరపకూడదు. తప్పు రాస్తే ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, పైన సరైన అంకె వెయ్యాలి. రబ్బరు వాడినవాడి నిజాయితీ మీద విచారణ పడుతుంది. అదే భయాన్ని, అదే భక్తిని మేమంతా కంప్యూటరుకూ తెచ్చాం. తప్పు గీసినా, పని ముగిసినా, ఎవరూ గీతను తుడిచెయ్యలేదు. పొర ఆపేసి ముందుకు పోయారు. అందరూ నిజాయితీపరులే. ఆ బరువే సిస్టం ప్రాణం మీదికి తెచ్చింది.

తెల్ల షీటులో గీసిన బొమ్మకు చుట్టూ గీత, గళ్లు అచ్చం పాతవాటిలాగే కొత్తగా గీయించి, ఎస్టిమేట్ కట్టి, ఇద్దరం సంతకాలు పెట్టి పంపాం. కొద్ది రోజులకే తిరిగొచ్చింది. మీద విఠల్‌రావు ఎర్ర సిరా: 'మదర్ ఫైలులో గీయలేదు. పాత పొరలు తొలగించబడినవి. ఎవరి అనుమతితో?'

ఆ సంత రోజు సాయవ్వ వచ్చినప్పుడు ఆమె అడగకముందే నేను నేల చూశాను.

"కాయితం వాపస్ వచ్చిందంట గదా," అన్నది. అటెండర్ చెప్పి ఉంటాడు. "నాకు నిజం జెప్పు సారూ. వాళ్లు బయానా ఇస్తమంటున్నరు. తీస్కోవాల్నా వద్దా?"

"తీస్కోకు," అన్నాను. ఇంత పెద్ద మాట నేను ఎస్టిమేట్ కట్టకుండా అనడం అదే మొదటిసారి.

మర్నాడు స్రవంతిని వెంటబెట్టుకుని డివిజన్ ఆఫీసుకు వెళ్లాను. వాదన పెట్టుకోలేదు. లెవెల్స్ ఉన్న పెన్‌డ్రైవ్ విఠల్‌రావు ముందు పెట్టి, మా సిస్టం ముసలిది, మీ సిస్టంలో, మీ మదర్ ఫైల్లో, మీ చేత్తో ఒక్కసారి 'డ్రా' నొక్కి ఇవ్వండి, అదే పట్టుకుపోతాను అన్నాను. ఆయన సంతోషించాడు. అప్పటికి ఆయన తెర మీద ఈఈ సమీక్ష కోసం కొడుతున్న స్టేట్‌మెంట్ ఒకటి తెరిచి ఉంది.

"అది సేవ్ చేసుకోండి, మా దగ్గరైతే ముందు సేవ్ చేసుకునే నొక్కుతం," అన్నాను.

"మా సిస్టం మీ సిస్టం లెక్క గాదు," అన్నాడు.

ఆ మాట నిజమే. మాది సగంలో పడిపోయేది; ఆయనది చివరి తూము దాకా వెళ్లి, అక్కడ ఆలోచనలో పడి, తెర మొత్తం నల్లబడి, దానంతటదే మళ్లీ మొదలైంది. స్టేట్‌మెంట్ పోయింది. అంతవరకూ ఆయన మదర్ ఫైలు తెరిచి చూడటం, ప్రింటు తియ్యడం తప్ప అందులో ఎన్నడూ 'డ్రా' నొక్కలేదు. నొక్కడం ఏఈల పని. విఠల్‌రావు "అరే దేవా" అన్నాడు, మరాఠీలోనో తెలుగులోనో తెలియలేదు. స్రవంతి కిటికీలోంచి బయటికి చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి.

కాసేపటికి పొరల సంగతి చెప్పాను. చెరపడం కాదు, పాత ఫైలు మొత్తం ఒక సీడీలో ఎక్కించి బీరువాలో పెడదాం, పనికి మాత్రం ఖాళీది వాడదాం అన్నాను. రికార్డు ఉంటుందన్నాక ఆయన మనసు కుదుటపడింది. మంచి మనిషి, భయం రికార్డు గురించే. మా ఎస్టిమేట్ తెప్పించుకుని, తన ఎర్ర రిమార్కు మీద ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన పొట్టి సంతకం చేశాడు. నియమం ఆయన చేతికి అంతగా అలవాటు. కింద టిక్కు పెట్టాడు.

సాంకేతిక మంజూరు ఆ వారంలోనే వచ్చింది. పూడిక తీయడం, తూము దించడం గబగబా సాగాయి. కాంక్రీటు గట్టిపడేందుకు తూము మీద కప్పిన తడిగోనెలు ఇంకా ఆరకముందే పైన నీళ్లు వదిలారు. సాయవ్వ బయానా తీసుకోలేదు. నీళ్లు చివరికి చేరిన రోజు నేను కాలువ గట్టు మీద ఉన్నాను. ఆమె నన్ను చూసి కొంగు నడుముకు చెక్కుకుంటూ, "ఇగ నీకు నాతోని పనిలేదు సారూ, నాకు నారుతోని పనుంది," అని పొలంలోకి దిగింది.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నవి రెండే. యంత్రం ఏ వేళకు పడిందని కాకుండా ఏ పని దగ్గర పడిందని మొదట అడగాలి. రికార్డును కాపాడే చోటు, పని చేసే చోటు వేరువేరుగా ఉంచుకోవాలి. రెండూ ఒక్కచోట పెడితే రికార్డూ పోతుంది, పనీ ఆగుతుంది. తర్వాత పనిచేసిన ప్రతి ఆఫీసులోనూ ఈ రెండూ చెప్పాను. మొదటిది విన్నవాళ్లు తక్కువ.

కొత్త మదర్ ఫైలు తయారుచేసే బాధ్యత డివిజన్ మా మీదే పెట్టింది. స్రవంతి శుభ్రంగా చేసింది. విఠల్‌రావు గీతా గీతా పరీక్షించి ఆమోదించాడు, అన్ని సబ్ డివిజన్లకూ అదే వాడాలని ఉత్తర్వు తెప్పించాడు. అందులో ఆయన చూడని పొర ఒక్కటుంది. శాఖ నియమాన్ని గౌరవించి ఏదీ చెరపకూడదు గనక, ఆయన రిమార్కును అక్షరం పొల్లుపోకుండా ఎర్ర రంగులో అందులో ఎక్కించి, మీద అడ్డగీత కూడా కొట్టించి, ఆ పొరను ఆపేశాం. ఒక్క వాక్యమే, దానికి ఏ సిస్టమూ పడిపోదు. ఇవాళ్టికీ ఆ డివిజన్‌లో ఏ కాలువ గీసినా, ఏ తూము గీసినా, కనబడకుండా దాని వెనక విఠల్‌రావు అడుగుతూనే ఉంటాడు, ఎవరి అనుమతితో అని.